పంటి తొడుగు, దాని అమరిక

(కోయంబత్తూరులో జరిగిన మన సంఘ సభలో మధుర వర్తకులొకరు చేసిన ప్రసంగ పాఠము)



నేను వైద్యుడను గాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి మధురలో బట్టల వ్యాపారము చేసికొనుచున్నవాడను. ఐనను ఈ విషయమును గూర్చి మాటలాడుటకు కారణము గలదు. రెండేండ్లుగా నేను రాత్రులందు పంటి తొడుగు పెట్టుకొని నిద్రించుచున్నాను. నైట్ గార్డు అని దంతవైద్యులు పిలుచునది అదియే. ఈ సంగతి తెలిసినది మొదలు మన బంధువర్గములో ఒక్కొక్కరే నన్ను ప్రక్కకు పిలిచి, "మాకును ఒకటి చేసి యిచ్చినారు, అది బీరువాలో నున్నది" అని చెప్పుచున్నారు. బీరువాలో ఏల నున్నదని అడిగినచో అందరిదీ ఒకే జవాబు: నొచ్చుచున్నదట! డబ్బు పోసి చేయించిన తొడుగు బీరువాలో భద్రముగా నుండగా, పండ్లు మాత్రము రాత్రులందు అరిగిపోవుచున్నవి.

నిద్రలో పండ్లు కొరుకుటను కడుపులోని నులిపురుగులకు అంటగట్టుట మన ఇండ్లలో వాడుక. ఈ మాట పెద్దల విషయమున ఎంతమాత్రము నిలువదు. దీనికి బ్రక్సిజం అని పేరు. 1907లో ఇద్దరు ఫ్రెంచి వైద్యులు ఈ పేరునకు మూలమైన పదమును వాడిరి. కెనడాలో జరిపి 1994లో ప్రకటించిన ఒక పరిశీలనలో, పెద్దలలో నూటికి ఎనిమిదిమందికి ఈ అలవాటున్నట్లు తేలినది. నిద్రలో మెదడు క్షణకాలము మేలుకొనునప్పుడు దవడ కదలునని నేటి వైద్యుల భావన. మనసులోని చింత, పొగాకు, మద్యము, మితిమీరిన కాఫీ దానిని హెచ్చించును. లెక్కలు ముగించు మార్చి నెలలో నా దవడ ఎట్లుండునో నా ఇల్లాలు చెప్పగలదు.

తొడుగు ఈ అలవాటును మాన్పదు. ఇది మొదటనే తెలిసికొనవలెను. పంటికిని పంటికిని నడుమ అడ్డుగా నిలిచి, తాను అరిగి, పండ్లను కాపాడును. కావలివాడు దొంగను మంచివానిగా మార్చలేడు గదా.

ఇక అసలు విషయము. మన తెలుగులో "పంటి బిగువున భరించెను" అను మాట గలదు. మనచుట్టునున్న తమిళ సోదరులును అట్టి మాటనే పలుకుదురు. తరతరములుగా పరాయిగడ్డపై నిలదొక్కుకొన్న కుటుంబములలో ఈ ఓర్పు గొప్పగుణముగా ఎంచబడినది. కాని తొడుగు విషయమున ఈ గుణమే మనలను చెరచుచున్నది. వారము దినములు నొప్పిని ఓర్చుకొందురు, పిదప నోరు మెదపక తీసి దాచివేయుదురు. చేసియిచ్చిన వైద్యుని వద్దకు మాత్రము తిరిగి పోరు. రవిక బిగుతైనచో మన ఆడువారు ఆ సాయంకాలమే దర్జీ వద్దకు పోయి విప్పి కుట్టించుకొందురు. తిరుమల నాయకుని పుదుమండపములో మొన్నమొన్నటివరకు కుట్టుమిషనులు నడిపిన దర్జీలు అట్లు తిరిగివచ్చినవారిని ఎన్నడును విసుగుకొనలేదు. రవికకు లేని మొగమాటము పంటికేల?

తొడుగు మొదటిరోజుననే కుదురునను భ్రమను విడువవలెను. మొదట వైద్యుడు పండ్ల అచ్చు తీయును. ఒక మెత్తని ముద్దను పళ్ళెరములో నుంచి పండ్లపై అదుముదురు. ఆ ముద్దలోని ముఖ్యపదార్థము సముద్రపు నాచునుండి వచ్చును. మన మండపము, రామేశ్వరము తీరములలో అట్టి నాచును ఏరువారు గలరు. ఈ అచ్చు ఆరినకొలది కుంచించుకొనిపోవును గనుక వెంటనే పాలరాతిపొడివంటి గచ్చు పోసి మాదిరి చేయవలెను. ఆలస్యమైనను, గాలిబుడగలు చేరినను ఆ తప్పు తొడుగులోనికి వచ్చును. కొన్నిచోట్ల ఇప్పుడు ముద్ద లేకుండ, కెమెరావంటి యంత్రమును నోట త్రిప్పి అచ్చు తీయుచున్నారు. ముద్దకు డోకు వచ్చువారికి ఇది సుఖము. పుచ్చిన పండ్లను పూడ్పించుకొనుట, పంటికి టోపీ వేయించుకొనుట మున్నగు పనులున్నచో అవి ముందుగా ముగియవలెను. తొడుగు చేయించిన పిదప పంటి ఆకారము మారినచో పాత తొడుగు ఎక్కదు.

మెత్తనిదా, గట్టిదా యని పలువురు అడుగుచున్నారు. మెత్తనిది మొదట హాయిగా నుండును. కాని నోటిలో మెత్తని వస్తువున్నచో కొందరు దానిని నమలుటకు మొదలుపెట్టుదురు. 1987లో అమెరికా దంతవైద్యుడు ఓకెసన్ పదిమందిని పరిశీలించగా, గట్టి తొడుగుతో ఎనిమిదిమందికి రాత్రివేళ దవడకండరముల పని తగ్గినది. మెత్తనిదానితో ఐదుగురికి హెచ్చినది. పదిమందిని చూచి లోకమంతటికి తీర్పు చెప్పరాదు. ఐనను, గట్టిగా కొరుకువారికి గట్టి అక్రిలిక్ తొడుగునే పలువురు వైద్యులు ఎంచుదురు. లోపల మెత్తగా, వెలుపల గట్టిగా నుండు రకమును గలదు. వేడినీట ముంచి మనమే కొరికి అమర్చుకొను అంగడిసరకును నేను మెచ్చను. పండ్లన్నిటిని కప్పని పొట్టి తొడుగును నెలల తరబడి వాడినచో, కప్పబడని పండ్లు మెల్లగా జరుగును.

తొడుగు చేతికి వచ్చిన దినమున తొందరపడి లేవరాదు. వ్రేళ్ళతో నొక్కిన మాత్రమున అది కూర్చుండవలెను. కొరికి ఎక్కించు అవసరముండరాదు. ఒకవైపు నొక్కిన రెండవవైపు లేచినచో అది అమరలేదన్నమాట. తరువాత దవడ మూసినప్పుడు ఎదుటి పండ్లన్నియు ఒకేసారి దానిని తాకవలెను. ఒక్క పన్ను ముందు తగిలినను భారమంతయు దానిపై పడి తెల్లవారుసరికి సలుపు పుట్టును.

ఇది కోయంబత్తూరు వారికి నేను నేర్పవలసినది కాదు. 1937లో జి.డి. నాయుడుగారును బాలసుందరం నాయుడుగారును విద్యుత్ మోటారును తయారుచేసిన ఊరిది. వర్కుషాపులో రెండు ఇనుపతలములు సరిగా కలియవలెనన్న ఫిట్టరు ఏమి చేయును? ఒకదానికి నీలిరంగు పూసి రెండవదానిపై రుద్ది, రంగంటిన ఎత్తులను మెల్లగా గీకును. మరల పూయును, మరల గీకును. దంతవైద్యుడును ఇట్లే రంగుకాగితమును పండ్లనడుమ నుంచి కొరకుమనును, ముదురుమచ్చ పడినచోట తొడుగును అరగదీయును. కూర్చున్నప్పుడే గాక వెల్లకిల పండుకొనియు కొరికి చూపుట మేలు. నిద్రించునది అట్లే గదా.

ఏ నొప్పిని ఓర్చుకొనవచ్చును, దేనిని ఓర్చుకొనరాదు? మొదటి నాలుగైదు రాత్రులు కొంత బిగుతు, నోట నీరూరుట సహజము. మొదట సాయంకాలమున గంటసేపు పెట్టుకొని అలవాటు చేసికొన్నచో సులభము. ఉదయమున తీసిన పిదప కొద్ది నిమిషములు పండ్లు కలిసినట్లు తోచకపోవుటయు కలదు. కాని ఒకే పన్ను ప్రతిదినము నొచ్చినను, చిగురు గాని నాలుక గాని ఒరసుకొనిపోయినను, చెవిముందరి కీలు పట్టినను, ఉదయపు తేడా మధ్యాహ్నము వరకు నిలిచినను వెంటనే వైద్యుని వద్దకు పోవలెను. గొంతువైపు అంచు పొడవై డోకు వచ్చినచో కొంత తగ్గించుటకు వీలగును. ఇంట గోళ్ళ ఆకురాయితో గీకు పని పెట్టుకొనవద్దు. ఒకచోట తగ్గించినచో భారము మరియొకచోట పడును.

గురకపెట్టువారికి ఒక హెచ్చరిక. నిద్రలో ఊపిరి ఆగి ఉలికిపడి లేచువారు, పగలు కునుకుచుండువారు ముందుగా ఆ వ్యాధిని పరీక్షింపించుకొనవలెను. పైపండ్లకు పెట్టు తొడుగువలన అట్టివారిలో కొందరికి ఊపిరి ఆటంకము హెచ్చవచ్చును. పిల్లలకు సాధారణముగా తొడుగు పనికిరాదు. వారి దవడ ఇంకను పెరుగుచుండును, పలువురికి ఆ అలవాటు వయసుతో పోవును.

వెల సంగతి యడిగినవారికి: కోయంబత్తూరులోను మధురలోను దంతవైద్య కళాశాలలు గలవు. వాటిలో కట్టుడుపండ్ల శాఖవారు ఇట్టి పని చేయుదురు. విద్యార్థులు చేయుదురని జంకవద్దు, ఆచార్యులు ప్రక్కన నుందురు. నాలుగుసార్లు రమ్మందురు, ఆ నాలుగుసార్లును పోవలెను. బయట చేయించుకొనువారు, సర్దుబాటు నిమిత్తము మరల వచ్చినప్పుడు వేరుగా రుసుము గలదా యని ముందే అడుగుట మంచిది. బేరమాడుటలో మనవారికి ఒకరు నేర్పవలసిన పని లేదు.

తొడుగును చన్నీటితో, మెత్తని కుంచెతో, కొద్ది సబ్బుతో కడుగవలెను. పండ్లపొడి గీతలు పెట్టును. వేడినీరు దాని ఆకారమును చెరచును. చిత్తిరై ఎండలో మూసిన కారులో నుంచినను అంతే. కడిగి ఆరనిచ్చి గాలిరంధ్రములున్న పెట్టెలో నుంచవలెను. కుక్కలున్న ఇంట మూత మరువరాదు, ఆ వాసన వాటికి మహాప్రీతి. మానక వాడవలెను. కొన్ని వారములు వదలినచో పండ్లు కొద్దిగా జరిగి తొడుగు బిగుతగును.

బీరువాలో దాచినవారు దానిని ఈ వారమే తీసి చూడవలెను. పగులు లేనిచో, సంవత్సరములు గడువనిచో, సర్దించుకొనుటకు పలుమారు వీలుండును. వైద్యుని వద్దకు పోవునప్పుడు ఎక్కడ నొచ్చునో, రాత్రి ఏ వేళకు తీసివేయుచున్నారో ఒక చీటిపై వ్రాసికొని తొడుగుతోకూడ తీసికొనిపొండు.