నర్సింగ్ చదువుకు వార్డే వాకిలి

(తడలో ముస్లిం కుటుంబాల విద్యా అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కొంతకాలంగా మన కుటుంబాలు నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నాయి. "సాబ్, మా అమ్మాయి ఆసుపత్రి ఉద్యోగానికి పోకుండా, ఇంట్లోనే ఉండి దూరవిద్యలో నర్సింగ్ డిగ్రీ చేయవచ్చునా?" జవాబు ముందే చెబుతాను. చేయలేదు. అయితే ఆ అమ్మాయి నర్సు కావడానికి దారి ఉన్నది. ఆ దారి ఏదో, దానికి ఎలా సిద్ధం కావాలో చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

ఒక తల్లి నా దగ్గరకు రసీదుల కట్ట పట్టుకొని వచ్చింది. కూతురు ఇంటర్మీడియట్ పాసైంది. ఇంటి వద్దనే నర్సింగ్ డిగ్రీ ఇప్పిస్తామని ఎవరో నమ్మించారు. చెవి కమ్మలు తాకట్టు పెట్టి ఫీజు కట్టారు. పుస్తకాలు వచ్చాయి, పరీక్షలు జరిగాయి, సర్టిఫికెట్టు కూడా వచ్చింది. దానిని పట్టుకొని ఉద్యోగానికి వెళితే, "కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఎక్కడ?" అని అడిగారు. ఆ కాగితంతో రిజిస్ట్రేషన్ రాదు. డబ్బు పోయింది, అంతకంటె విలువైన రెండేళ్ల వయస్సు పోయింది. ఆ బిడ్డ తప్పేమీ లేదు. సరైన మాట సరైన సమయంలో చెప్పేవారు మనలో లేకపోవడమే తప్పు.

సోదరులారా, మన దేశంలో నర్సింగ్ విద్యకు ప్రమాణాలు నిర్ణయించడానికి 1947లోనే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. నర్సుగా పనిచేయాలంటే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు కావాలి. ఇంటర్ పాసైన అమ్మాయి దూరవిద్య ద్వారా కొత్తగా నర్సు అయ్యే పద్ధతి లేదు. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నో, పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. నర్సింగ్ అనే కోర్సును దూరవిద్యలో నడుపుతున్న మాట నిజమే. ఆ పేరు విని చాలామంది మోసపోతున్నారు. అది కొత్తవారికి కాదు, ఇప్పటికే నర్సుగా పనిచేస్తున్నవారికి. ఇంటర్ తరువాత మూడేళ్ల జి.ఎన్.ఎం. డిప్లొమా పూర్తిచేసి, కౌన్సిల్‌లో నర్సుగా, మిడ్‌వైఫ్‌గా రిజిస్టరై, ఆ తరువాత కనీసం రెండేళ్లు వృత్తిలో పనిచేసి ఉండాలి. పదో తరగతితోనే జి.ఎన్.ఎం. చేసినవారికైతే ఐదేళ్ల అనుభవం కావాలి. ప్రవేశ పరీక్ష రాయాలి. చేరిన తరువాత కూడా ప్రాక్టికల్ శిక్షణకు హాజరు కావలసిందే. దూరవిద్య అయినంత మాత్రాన రోగి మంచం దూరం కాదు.

ఈ నియమం మన పిల్లలను ఆపడానికి పెట్టినది కాదు. సూది ఎక్కడ వేయాలో పుస్తకం చెబుతుంది. వణికే చేతిని పట్టుకొని ఎలా వేయాలో వార్డు నేర్పుతుంది. రేపు మన తల్లి ఐ.సి.యు.లో ఉంటే, రోగిని ఎన్నడూ తాకని నర్సు చేతికి ఆమెను అప్పగిస్తామా? రోగి ప్రాణం అమానత్. అమానత్‌ను మోయడానికి అర్హత ఉండాలి.

ఇక సన్నాహం సంగతి. జి.ఎన్.ఎం. పూర్తిచేసి, పెళ్లి వల్లనో పిల్లల వల్లనో ఇంట్లో ఉండిపోయిన అమ్మాయిలు మన మధ్యనే ఉన్నారు. వారికి రెండు దారులున్నాయి. ఒకటి, రెగ్యులర్ కళాశాలలో రెండేళ్ల పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనలలో దీనికి అడిగేది ఇంటర్, జి.ఎన్.ఎం., రిజిస్ట్రేషన్, ఉద్యోగానుభవం షరతు కాదు. రెండవది, ముందు ఆసుపత్రిలో ఉద్యోగం చేసి, అనుభవం సంపాదించి, ఆ తరువాత ఇగ్నో ప్రవేశ పరీక్షకు కూర్చోవడం.

రెండవ దారిలో వెళ్లేవారికి ఒక పాత గుమాస్తాగా నా సలహా వినండి. ఫైలులో లేని కాగితం లోకంలో లేనట్టే. చేరిన రోజునే నియామక పత్రం అడిగి తీసుకోండి. జీతం చేతికి కాక బ్యాంకు ఖాతాలో పడేలా చూసుకోండి. మానేసేటప్పుడు చేరిన తేదీ, విడిచిన తేదీ, హోదా, సంతకం, ముద్ర ఉన్న అనుభవ పత్రం తీసుకోండి. అనుభవాన్ని లెక్కించేది రిజిస్ట్రేషన్ తేదీ నుండి గనుక డిప్లొమా చేతికి రాగానే రిజిస్ట్రేషన్ చేయించుకోండి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, డిప్లొమాలో పేరు ఒకే తీరుగా ఉండాలి. ఒకచోట షేక్, ఇంకొకచోట ఎస్.కె., పెళ్లయ్యాక మరో ఇంటిపేరు; ఈ అక్షరాల తేడాతో ఆగిపోయిన దరఖాస్తులు నా సర్వీసులో ఎన్నో చూశాను. పరీక్ష కోసం జి.ఎన్.ఎం. పుస్తకాలనే మళ్లీ తిరగేయండి. డ్యూటీ ముగిశాక రోజుకు ఒక గంట చాలు, కాని తప్పకూడదు.

ఇంటర్ చదువుతున్న పిల్లలకు రాజమార్గం వేరే ఉంది. బైపీసీ వారికి నాలుగేళ్ల బి.ఎస్సీ. నర్సింగ్ ఉంది. దాని ప్రవేశాల కోసం విజయవాడలోని ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం ప్రకటనలు గమనించండి. ఆర్ట్స్ గ్రూపుల వారు కూడా జి.ఎన్.ఎం.లో చేరవచ్చు. ఫీజు కట్టేముందు ఆ కళాశాలకు రాష్ట్ర కౌన్సిల్ అనుమతి ఉన్నదా, విద్యార్థులు శిక్షణ పొందే ఆసుపత్రి ఏది అని అడగండి. ఆసుపత్రి పేరు చెప్పలేని కళాశాల గడప తొక్కకండి.

మన హక్కును కూడా మరువరాదు. 2007 నాటి చట్టం ప్రకారం వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. దూదేకుల సోదరులు బి.సి.-బి లో ఉన్నారు. సయ్యద్, పఠాన్ వంటి వర్గాలకు బి.సి.-ఇ వర్తించదు, పేదవారైతే ఇ.డబ్ల్యు.ఎస్. చూసుకోవాలి. సీట్ల భర్తీ మొదలయ్యాక తహసీల్దారు కార్యాలయానికి పరుగెత్తడం కాదు, ఇంటర్ రెండో సంవత్సరంలోనే ధ్రువపత్రాలు సిద్ధం చేసుకోవాలి. మనది సరిహద్దు ఊరు. రైలెక్కితే చెన్నై. కాని అక్కడి సీట్లకు మన బి.సి.-ఇ పత్రం పనికిరాదు. అక్కడ చదివి ఇక్కడ పనిచేయదలిస్తే మన రాష్ట్ర కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. ఈ ఖర్చు, ఈ సమయం ముందే లెక్కలో వేసుకోండి.

చివరగా, తల్లిదండ్రుల మనసులో ఉన్న అసలు మాట. అది రూలు గురించి కాదు, రాత్రి డ్యూటీ గురించి, పరదా గురించి. అందుకే కదా ఇంట్లో కూర్చుని వచ్చే డిగ్రీ వెతుకుతున్నాం! ఆ ఆందోళనను నేను తేలిక చేయను. కాని ఒకటి అడుగుతాను. శ్రీసిటీ వచ్చాక మన ఆడపిల్లలు షిఫ్టుల్లో పనిచేయడానికి కంపెనీ బస్సులు ఎక్కుతున్నారు. ఫ్యాక్టరీ షిఫ్టుకు పంపిన మనం ఆసుపత్రి షిఫ్టుకు ఎందుకు జంకుతున్నాం? మన ఇంటి స్త్రీకి కాన్పు వస్తే మహిళా నర్సు కావాలని మనమే కోరతాం. ఆ నర్సు ఎవరి ఇంటి నుండి రావాలి? దైవప్రవక్త (స) కాలంలో రుఫైదా అస్లమియా (ర) మదీనా మసీదు వద్ద గుడారం వేసి గాయపడినవారికి సేవ చేశారు. కందక యుద్ధంలో గాయపడిన సఅద్ బిన్ ముఆజ్ (ర) ను ఆ గుడారానికే తరలించారు. మసీదు నీడలో మొదలైన సేవ మనకు పరాయిది ఎలా అవుతుంది?

అయితే భయపడకండి అని చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదు. మసీదు కమిటీలు మూడు పనులు తలకెత్తుకోవాలి. నర్సింగ్ చదివే పిల్లలకు నెల్లూరులోనో, తిరుపతిలోనో నమ్మకమైన వసతి చూడాలి. జకాత్, సదఖా నిధుల నుండి అర్హులైన పిల్లల ఫీజుకు సాయం చేయాలి. ప్రతి వేసవిలో ఒక రోజు కూర్చుని దరఖాస్తులు, ధ్రువపత్రాలు సరిచూసి పెట్టాలి. ఈ మూడవ పని నాకు అప్పగించండి. ఆ రసీదుల కట్ట తెచ్చిన తల్లి కూతురు ఇప్పుడు జి.ఎన్.ఎం.కు దరఖాస్తు చేస్తున్నది. ఆమె ఫైలుతోనే పని మొదలుపెడతాను, ఇన్షా అల్లాహ్.

మన బిడ్డల చేతులకు నైపుణ్యాన్ని, మన మనసులకు ధైర్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.