ఎండ తగలని చోట
(స్మారకోపన్యాసం, గుణదల)



ఎవరి పేరిట ఈ సభ జరుగుతోందో ఆ మాస్టారు స్లైడు చూపించి ముందు జబ్బు పేరు అడిగేవారు కాదు. “ఈ ముక్క ఒంట్లో ఎక్కడిదయ్యా?” అనేవారు. మెలనోమా విషయంలో ఆ ప్రశ్న ఎంత లోతైనదో జన్యుశాస్త్రం ఈ ఇరవై ఏళ్లలోనే బయటపెట్టింది.

పాఠ్యపుస్తకాల్లో మెలనోమా అంటే తెల్లతోలు, ఎండ, ఆస్ట్రేలియా. రోహిణీకార్తెలో బెజవాడ ఎండ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. అయినా ఈ జబ్బు మనకు అరుదు. మనకు మెలనోసైట్లు ఎక్కువుండి కాదు, తెల్లవాళ్లలోనూ వాటి సంఖ్య దాదాపు ఇంతే. అవి చేసే మెలనిన్ ఏ రకం, ఎంత, పక్క కణాల్లోకి చేరి కేంద్రకాన్ని ఎంతవరకు కప్పింది అన్నదే తేడా. ఆ రక్షణ పల్చబడ్డ చోట అతినీలలోహిత కిరణాలు డీఎన్‌ఏలో పక్కపక్కనున్న సైటోసిన్, థైమిన్ అక్షరాలను ఒకదానికొకటి అతికిస్తాయి. మరమ్మతు తప్పితే సైటోసిన్ ఉండాల్సిన చోట థైమిన్ మిగులుతుంది. ఇది ఎండ పనే అని చెప్పడానికి ఆ ముద్రే ఆనవాలు.

డీఎన్‌ఏలో ఒక్క అక్షరం మారితే ఏమవుతుందో తెలియాలంటే ఇక్కడ మన తెలుగాయన పేరొకటి చెప్పాలి. ఉస్మానియాలో డాక్టరేట్ చేసి అమెరికా వెళ్లిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి 1982లో సహచరులతో కలిసి మూత్రాశయ కేన్సర్ కణాల్లోని రాస్ జన్యువును చదివారు. మామూలు జన్యువుకూ దీనికీ తేడా ఒకే ఒక్క అక్షరం. దాంతో ప్రోటీన్ పన్నెండో స్థానంలో గ్లైసిన్ పోయి వాలీన్ వచ్చింది. మరో రెండు బృందాలూ అదే ఏడాది అదే మాట చెప్పాయి. ఆ కుటుంబంలోని ఎన్‌రాస్ మెలనోమాల్లో సుమారు ఐదోవంతులో చెడి ఉంటుంది. దాని దిగువ మెట్టు బీరాఫ్. అందులో 600వ స్థానపు వాలీన్ మారిపోవడాన్ని ఇంగ్లండ్‌లోని శాంగర్ సంస్థ వాళ్లు 2002లో పట్టుకున్నారు. చర్మపు మెలనోమాల్లో సగం దాకా ఈ జన్యువు చెడినవే. కాలువ మీద లాకు తలుపు ఎత్తినచోటే బిగుసుకుపోతే పొలానికి అక్కర ఉన్నా లేకపోయినా నీళ్లు పారుతూనే ఉంటాయి. విభజించుకో అన్న సంకేతమూ అలాగే ఆగకుండా పోతుంది.

అయితే బీరాఫ్ ఒక్కటే చాలదు. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. 2003లో మామూలు పుట్టుమచ్చలు పరీక్షిస్తే వాటిలో అత్యధిక భాగంలోనూ అదే మార్పు! అంటే మీ చెంప మీది మచ్చ, కేన్సర్ దారిలో ఒక అడుగు వేసి ఆగిపోయిన కణాల గుంపు. ఆపినవాటిలో ముఖ్యమైనది పీ16 అనే ప్రోటీన్. కణాలు చావవు, పెరగవు, ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. పీ16ను ఇచ్చే సీడీకేఎన్2ఏ జన్యువు పోతే, టెలోమరేజ్ జన్యువు ముందుభాగంలో మార్పు వచ్చి కణానికి ఆయుష్షు అంతులేకుండా పెరిగితే, పీటెన్ అనే మరో కాపలా జన్యువు కూడా తప్పుకుంటే, అప్పుడు మచ్చ కదులుతుంది. మొదట పక్కలకు పాకుతుంది. తర్వాత చుట్టూ ఉన్న కణాలతో పట్టు ఉంచే ఈ-క్యాథెరిన్‌ను వదులుకుని కిందికి దిగుతుంది. ఆ దిగిన లోతును మిల్లీమీటర్లలో కొలవమని 1970లో పెథాలజిస్టు బ్రెస్లో చెప్పాడు. నేటికీ రోగి భవిష్యత్తును అంచనా వేయడానికి మొదట చూసేది ఆ అంకెనే.

ఇక మన సంగతి. మన దగ్గర కనిపించే మెలనోమాల్లో అరికాలు, అరచేయి, గోరు కింద వచ్చేవాటి వాటా పెద్దది. 1981లో పోయిన గాయకుడు బాబ్ మార్లేకి కాలి వేలి గోరు కింద వచ్చింది ఇదే. అరికాలికి ఎండ ఎక్కడిది? 2017లో ఆస్ట్రేలియా బృందం ఈ గడ్డల జన్యుపటం మొత్తం చదివితే ఎండ ముద్ర చాలా తక్కువ. దానికి బదులు క్రోమోజోములు విరిగి, తప్పుగా అతుక్కుని, కొన్ని ముక్కలు పదే పదే నకలు అయ్యాయి. సైక్లిన్ డీ1 జన్యువు ప్రతులు పెరుగుతాయి, కొన్నిటిలో కిట్ జన్యువు చెడుతుంది, బీరాఫ్ మార్పు తక్కువ. 2022లో జీబ్రాచేపల్లో తేలిన విషయం ఇంకా విచిత్రం: సీఆర్‌కేఎల్ అనే జన్యువు ఎక్కువైతే మెలనోమా వాజాల్లో ఎక్కువగా పుట్టింది. వాజాలంటే మన కాళ్లూ చేతులకు సాటి అవయవాలు. పిండదశలో ‘నువ్వు కాలివి’ అని కణానికి నేర్పిన హాక్స్13 జన్యువులే అక్కడ ఆ ప్రమాదానికి అనువు కల్పిస్తున్నాయి. మాస్టారి ప్రశ్నకు ఇంతకన్నా పెద్ద సమర్థన నాకు తెలియదు.

పాదంలో బరువు మోపే మడమ, ముందరి పాదం దగ్గర ఇవి ఎక్కువని జపాన్ వైద్యులు చూపించారు. అలాగని ఒట్టికాళ్లతో నాట్లు వేస్తే వస్తుందని తేల్చెయ్యకండి. ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్లకు ఈ గుణదల కొండెక్కేవాళ్లను భయపెట్టే పని నాది కాదు.

మందుల సంగతి క్లుప్తంగా. బీరాఫ్‌ను అడ్డుకునే వెమురాఫెనిబ్ 2011లో వచ్చింది, మన అరికాలి రోగుల్లో చాలామందికి పనికిరాదు. కిట్ చెడినవాళ్లలో కొందరికి ఇమాటినిబ్ పనిచేస్తుంది. 2018 నోబెల్ తెచ్చిన ఇమ్యూనోథెరపీ కూడా ఇక్కడ కాస్త వెనకబడుతుంది. జన్యుమార్పులు తక్కువైన గడ్డలో రోగనిరోధక కణాలు పరాయిదని గుర్తుపట్టే ఆనవాళ్లూ తక్కువే కదా.

కాబట్టి మిగిలింది త్వరగా పట్టుకోవడం. అరికాలి మచ్చకు ప్రయాణాల యోగమని మనవాళ్లు సంతోషిస్తారు, నల్లబడితే ఆనెకాయ అంటారు, పుండైతే సుగర్ పుండంటారు. పాదం కడిగించి డెర్మోస్కోప్‌తో చూడండి. అరికాలి చర్మంలో గట్లు, చాళ్లు ఉంటాయి. మామూలు మచ్చలో రంగు చాలావరకు చాళ్ల వెంబడి ఉంటుంది, మెలనోమాలో గట్ల మీద ఉంటుంది. అనుమానం వస్తే వీలైనంతవరకు మచ్చ మొత్తాన్ని లోతుగా తీసి పంపండి. ఆనె అనుకుని బ్లేడుతో పైపైన చెక్కిన ముక్కలో అడుగు ఉండదు. అడుగు లేకపోతే బ్రెస్లో మందం ఏ పెథాలజిస్టూ కొలవలేడు.