మానని పుండు



యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకునే ఈ సభలో క్యాన్సర్ గురించి మాట్లాడడం సబబే. భీమవరంలో పుట్టిన ఆయన అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. కణం విభజన చెందాలంటే అది కావాలి. బోస్టన్‌లో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఆ కోవ పదార్థాలను లుకేమియా పిల్లలకు ఇచ్చి చూస్తే, రోగం తగ్గకపోగా జోరందుకున్నట్టు కనిపించింది. మరి ఆ మేతకు అడ్డుపడితే? అందుకు సుబ్బారావు గారి బృందమే అమినోప్టెరిన్ చేసి ఇచ్చింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి, కొంతకాలమే అయినా, జబ్బు వెనక్కి తగ్గింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు.

మేత సంగతి అలా తేలింది. మరి కణాన్ని పెరగమని పురమాయించేదెవరు? ఈ సాయంత్రం ఆ ప్రశ్న వెంట నడుద్దాం. మన పెద్దలు క్యాన్సర్‌ను రాచపుండు అనేవారు. అందులోని పుండు అన్న మాట గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

1863లో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో కణితుల్లో తెల్లరక్తకణాలను గమనించాడు. వాపు ఏళ్ల తరబడి తగ్గని చోట క్యాన్సర్ పుడుతుందని అనుమానించాడు. ఆ మాట చాలాకాలం మరుగున పడింది. 1911లో న్యూయార్క్‌లో పేటన్ రౌస్ కోడి కణితిని నూరి, కణాలు మిగలకుండా వడకట్టి, ఆ రసాన్ని ఇంకో కోడికి ఎక్కిస్తే అక్కడా కణితి లేచింది. అందులో ఉన్నది వైరస్. రౌస్‌కు దానికి నోబెల్ రావడానికి 55 ఏళ్లు పట్టింది.

తర్వాతి మలుపు శాస్త్రవేత్త రీటా లెవీ మోంటాల్చినిది. ఎలుక కణితి ముక్కను కోడి పిండంలో నాటితే చుట్టూ నరాలు గుబురుగా అల్లుకున్నాయి. కణితి ఏదో విడుదల చేస్తోందన్నమాట. అదేమిటో తేల్చుకోవడానికి ఆమె 1952లో కణితులున్న ఎలుకలను వెంటబెట్టుకుని రియో డి జనీరోకు విమానమెక్కారు. ఆమెతో కలిసి పనిచేసిన స్టాన్లీ కోహెన్, మగ ఎలుక లాలాజల గ్రంథి సారాన్ని పసి ఎలుకలకు ఎక్కించి చూస్తే, రెండు వారాలకు తెరుచుకోవలసిన కళ్లు వారానికే తెరుచుకున్నాయి. ఆ సారంలో ఉన్న, చర్మ కణాలను పెరగమని తొందరపెట్టే పదార్థమే ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్. 1986లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఇక రౌస్ కోళ్ల దగ్గరికి వద్దాం. వైరస్‌ను కోడి రెక్కకు ఎక్కిస్తే కణితి అక్కడే వస్తుంది. రక్తంలో వైరస్ తిరుగుతున్నా మిగతా ఒంట్లో రాదు. ఎందుకని? 1985లో అమెరికాలో మీనా బిస్సెల్ బృందం రెండో రెక్కకు గాయం చేసి చూసింది. గాయమైన చోటా కణితి లేచింది! 1990లో గాయానికి బదులు టీజీఎఫ్-బీటా అనే గ్రోత్ ఫ్యాక్టర్ ఎక్కించినా అంతే జరిగింది. 1994లో వాపును మందులతో అణిచేస్తే కణితి రాకుండా ఆగింది. వైరస్ విత్తనం, గాయం దుక్కి.

గాయం తగిలితే ప్లేట్‌లెట్లు, తెల్లరక్తకణాలు చేరి గ్రోత్ ఫ్యాక్టర్లు వదులుతాయి. చర్మం, రక్తనాళాలు కొత్తగా పెరుగుతాయి. పుండు మానగానే ఆ పని ఆగిపోతుంది. క్యాన్సర్‌లో ఆగదు. కణితులంటే మానని గాయాలని 1986లో హెరాల్డ్ డ్వోరక్ రాశాడు. రాచపుండు అన్న మన మాట ఆ పక్కన ఒద్దికగా ఒదుగుతుంది.

మానని పుండుకు మన దగ్గరి ఉదాహరణ చూడండి. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటును అడ్డపొగ అంటారు. ఎక్కువగా ఆడవాళ్లది. ఏళ్ల తరబడి కాలే అంగిట్లో క్యాన్సర్ వస్తుంది. పొగాకు విషం జన్యువులను చెడగొడుతుంది, ఆరని వాపు చెడిన కణాన్ని పోషిస్తుంది. ప్రతి వాపూ క్యాన్సర్ కాదు. కానీ వాపును ఆర్పడమూ, పెరగమనే కబురును ఆపడమూ ఇవాళ చికిత్సలే. జీర్ణాశయంలో వాపు రేపే హెలికోబాక్టర్ బాక్టీరియాకు యాంటీబయాటిక్స్ ఇస్తున్నాం. రొమ్ము క్యాన్సర్‌లో గ్రోత్ ఫ్యాక్టర్ గ్రాహకాన్ని అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ 1998లోనే వచ్చింది.

వైద్య విద్యార్థులకు ఒక్క మాట. రేపు మీ ముందు నోరు తెరిచి కూర్చునే ముసలమ్మను ఏ పరీక్షకైనా పంపేముందు అడగండి: "ఎన్నాళ్లయిందమ్మా, ఈ పుండు మానక?"