నగరపు ఆకాశరేఖ

ఏ ఊరినైనను దూరమునుండి చూచునప్పుడు మొదట మన కంటబడునది ఇండ్ల కప్పులు, గోపురములు, చెట్ల కొనలు కలిసి ఆకాశముమీద గీచిన గీత. మన పల్లెలలో ఆ గీతను గుడి గోపురమో, మసీదు మీనారో, ఊరి చివరి మర్రిమానో నిర్ణయించెడిది. బండి దిగకముందే బాటసారి దానిని చూచి ఊరు వచ్చినదని తెలిసికొనెడివాడు. నగరములకును ఇట్టి గీత కలదు. దీనిని ఇంగ్లీషువారు స్కైలైన్ అందురు. మనము ఆకాశరేఖ అనుకొందము.

గత యాభై సంవత్సరములలో ప్రపంచమందలి పెక్కు నగరముల ఆకాశరేఖ గుర్తుపట్టరానంతగా మారినది. కెనడా దేశమున టొరాంటో నగరమునకు 1976లో పూర్తియైన 553 మీటర్ల సి.ఎన్. టవరు చిరకాలముగా చిహ్నమై నిలిచినది. నేడు దాని చుట్టును నివాసగృహములే గోపురములవలె గుంపులుగా లేచియున్నవి. పొరుగుననున్న మిస్సిసాగా పట్టణమున 2012 నాటికి మెలిదిరిగిన రెండు ఎత్తైన నివాసభవనములు వెలసి, ఆ పట్టణమునకు కొత్త ముఖము నిచ్చినవి. మన హైదరాబాదుకు పడమట కోకాపేట, నార్సింగి ప్రాంతములలో జరుగుచున్నదియు ఇదియే. ఒకనాటి పొలములలో యాభై అంతస్తులకు మించిన గృహసముదాయములు లేచుచున్నవి.

అయినను ఈ మార్పును అర్థము చేసికొనుటకు మనము కోకాపేటకు పోనక్కరలేదు. ఆబిడ్స్, నాంపల్లి వీధులలో నిలిచి తల యెత్తి చూచిన చాలును. ఎత్తైన మేడ ఎక్కడ లేచును, ఎక్కడ లేవదు, లేచినచోట ఏమి మరుగుపడును, లేవనిచోట ఏ ప్రమాదము పొంచియుండును అను ప్రశ్నలకు ఈ కొద్దిపాటి ఆవరణలోనే జవాబులు దొరకును.

ముందుగా పాత గీతను జ్ఞాపకము చేసికొందము. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కొలువులో నుండి, తరువాత ఇక్కడ దుకాణము పెట్టిన ఆల్బర్ట్ ఆబిద్ అనునాతని పేరిట ఆబిడ్స్ వెలసినది. దుకాణము పోయినది, పేరు మిగిలినది. ఆ వీధులలో పొడవుగా కనబడెడివి ఏవి? సెయింట్ జార్జి చర్చి శిఖరము ఒకటి. గన్‌ఫౌండ్రీవైపు సెయింట్ జోసెఫ్ దేవాలయపు జంట గోపురములు మరియొకటి. నాంపల్లివైపు 1907 నాటి రైల్వే స్టేషను, దానికి కొంత దూరమున పబ్లిక్ గార్డెన్సు చెట్లు, వాటి ప్రక్కన 1913లో పూర్తియైన తెల్లని శాసనసభా భవనపు గుమ్మటములు. ఈ రెండు పేటలు కలియు తావున 1935లో ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో కట్టిన మొజంజాహీ మార్కెట్టు. నల్లరాతి గోడలతో, గుమ్మటములతో, గడియారపు గోపురముతో అది కూడలివైపు రెండు చేతులు చాచి నిలిచినట్లుండును.

ఈ కట్టడములలో ఏదియు మహోన్నతమైనది కాదు. అయినను వాటి చుట్టునున్న ఇండ్లు రెండు మూడు అంతస్తులకు మించనందున అవి పొడవుగా కనబడెడివి. 1591లో కట్టిన చార్మినారు మీనారులు సుమారు 56 మీటర్ల ఎత్తు. నేటి లెక్కలో అది పదునెనిమిది అంతస్తుల భవనము మాత్రమే. నాలుగు వందల సంవత్సరములు అది నగరమునకు శిరస్సై యుండుటకు, తన ఎత్తుతో పాటు చుట్టునున్న ఇండ్ల అణకువ కూడ కారణము.

అటుపిమ్మట రెండు వస్తువులు వచ్చినవి. ఒకటి ఇనుపకడ్డీలతో బలపరచిన కాంక్రీటు, రెండవది లిఫ్టు. రాతిగోడమీద అంతస్తు వేయవలెనన్న, క్రింది గోడ అంత మందము కావలెను. కాంక్రీటు స్తంభములు బరువును మోయుట నేర్చిన తరువాత గోడ తెరవలె పలుచనైనను చాలును. లిఫ్టు రాకపూర్వము పై అంతస్తు పేదవాని పాలిటిది. ఎక్కలేక ఎవరును కోరెడివారు కారు. లిఫ్టు వచ్చిన తరువాత పై అంతస్తుకే ధర హెచ్చినది. మన నగరమునకు మరియొక సౌకర్యము కలదు. ఇక్కడ కొద్ది లోతుననే గట్టి నల్లరాయి తగులును. మొజంజాహీ మార్కెట్టు గోడలకు అందము నిచ్చిన ఆ రాయియే, నేడు భూగర్భమున పెద్ద మేడల పునాదులకు పీఠమగుచున్నది.

ఇట్లు ఇరవయ్యవ శతాబ్దపు చివరి భాగమున మొదటి ఎత్తైన మేడలు నగరమధ్యమునందే లేచినవి. మొజంజాహీ మార్కెట్టు రోడ్డున గగన్ విహార్, చంద్ర విహార్ అను భవనములు వెలసినవి. ఆ పేర్లే నాటివారి ఉత్సాహమును తెలుపును. ఆకాశమున విహరింతుమని వారు తలచినారు. బషీర్‌బాగులో బాబూఖాన్ ఎస్టేట్ లేచి, చాలకాలము నగరపు ఎత్తైన మేడలలో ఒకటిగా పేరొందినది. నాటి ప్రజలకు నగరమన్న ఆబిడ్స్. కనుక పొడవైన మేడయు ఆబిడ్స్ చుట్టుపట్లనే యుండవలెనని అనుకొనుట సహజము.

కాని తరువాతి మేడలు ఇక్కడ లేవలేదు. పడమటికి తరలిపోయినవి. కొత్త ఉద్యోగములు మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములకు పోవుట ఒక కారణము. అంతకంటె సూక్ష్మమైన కారణము మరియొకటి కలదు. అది చట్టములో నున్నది.

పెక్కు నగరములలో ఒక స్థలమునందు కట్టదగు మొత్తము అంతస్తుల విస్తీర్ణము ఆ స్థలమునకు ఇన్ని రెట్లు మాత్రమే యుండవలెనని హద్దు కలదు. హైదరాబాదున 2006లో వచ్చిన 86వ నంబరు ఉత్తర్వు ఆ హద్దును తొలగించినది. దాని స్థానమున మరియొక కొలత వచ్చినది. 2012లో వచ్చిన 168వ నంబరు ఉత్తర్వులోని నియమముల ప్రకారము 18 మీటర్లు, అంతకు మించిన భవనము ఎత్తైన భవనము. అట్టి భవనపు ఎత్తు పెరిగిన కొలదియు ఎదుటనున్న రోడ్డు వెడల్పు పెరుగవలెను, చుట్టును వదలవలసిన ఖాళీ స్థలమును పెరుగవలెను. 55 మీటర్లు దాటిన భవనమునకు 30 మీటర్ల రోడ్డు ఉండితీరవలెను.

దీని ఫలితమేమో ఒక చిన్న లెక్కవలన తెలియును. ఆబిడ్స్ వెనుక సందులో ఒక గృహస్థునకు 400 చదరపు గజముల స్థలమున్నదనుకొందము. అది చదరమైనచో ఒక్కొక్క ప్రక్క 20 గజములు, అనగా సుమారు 18 మీటర్లు. ఎత్తైన భవనములలో మిక్కిలి చిన్నదానికైనను చుట్టును 7 మీటర్లు వదలవలెను. రెండు ప్రక్కల 14 మీటర్లు పోగా మధ్య మిగులునది నాలుగు మీటర్లు. దానిలో లిఫ్టును, మెట్లును పట్టించుటయే కష్టము. కనుక ఆ గృహస్థుడు ఎంత ధనవంతుడైనను అక్కడ గోపురము కట్టజాలడు. ఎకరములకొలది భూమి, వంద అడుగుల రోడ్డు కలచోటనే అది సాధ్యము. ఆకాశరేఖ ఆకాశమున పుట్టదు. రోడ్డు కొలతలోను, భూమి కమతములోను, నియమావళి పుటలలోను ముందుగా గీయబడి, తరువాత పైకి లేచును.

ఈ నియమము నాంపల్లిని ఒక విధముగ కాపాడినది. మొజంజాహీ గుమ్మటముల వెనుక యాభై అంతస్తుల గోడ లేవలేదు. అయినను ఇక్కడి దృశ్యము మారకపోలేదు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుండి ఎల్.బి. నగరు వరకు మెట్రో రైలు ప్రారంభమైనది. నాంపల్లి, గాంధీ భవన్ స్టేషన్లమీదుగా పోవు ఆ వంతెన వీధిపై మరియొక వీధియై నిలిచినది. నడచువానికి అది ఆకాశమును కొంత కప్పినది. రైలులో కూర్చున్నవానికి అదివరకు కానరాని కప్పులను, గుమ్మటములను కంటి యెత్తున చూపినది. నాంపల్లిలో ఇటీవల పైకి లేచినవాటిలో మరియొకటి పదునైదు అంతస్తుల కట్టడము. అందు అంతస్తులలో అధికభాగము కార్లకు నిలయము. యంత్రమే కారును ఎత్తి పై అరలో నుంచును. రోడ్డు చాలని పేటలో కార్లకు సయితము మేడ కట్టవలసివచ్చినది.

ఇక మనము శ్రద్ధగా ఆలోచింపవలసిన విషయమొకటి కలదు. ఎత్తైన మేడ లేవని పేట క్షేమముగా నున్నదని తలచుట పొరబాటు. ఆబిడ్స్, నాంపల్లి సందులలో నాలుగైదు అంతస్తుల ఇండ్లు ఒకదానినొకటి ఆనుకొని యున్నవి. ఎత్తైన భవనముల నియమములు వాటికి వర్తింపవు. పై కుటుంబములు నివసించును, క్రింద దుకాణమో గోదామో యుండును. 2023 నవంబరు 13వ తేదీన నాంపల్లి బజారుఘాటులో అట్టి యొక భవనమున అగ్నిప్రమాదము సంభవించినది. క్రింది భాగమున నిలువచేసిన రసాయనముల డ్రమ్ములకు నిప్పంటుకొని, మంటయు పొగయు పైకి ప్రాకినవి. తొమ్మిదిమంది మరణించిరి. వారి యిల్లు ఆకాశహర్మ్యము కాదు. అగ్నిమాపక దళపు నిచ్చెనకు అందు ఎత్తే. క్రింద నిలువచేసిన వస్తువే వారికి మృత్యువైనది.

24 మీటర్లు దాటిన భవనములలో ప్రమాదవేళ జనులు నిలుచుటకు ప్రత్యేకముగా ఆశ్రయస్థలము ఉండవలెనని జాతీయ భవన నియమావళి చెప్పుచున్నది. చిన్న భవనమునందు అట్టిది లేదు గనుక మెట్లే ఆశ్రయము, డాబాయే ఆశ్రయము. వినుచున్న గృహస్థులకు మా మనవి యిది. ఈ రాత్రియే మీ మెట్లదారిని ఒక్కమారు చూడుడు. పాత బీరువాలు, సైకిళ్లు, గ్యాసు సిలిండర్లు అక్కడ నున్నవా? డాబా తలుపునకు తాళమున్నచో ఆ తాళపుచెవి ఎవరి యొద్ద నున్నది? మోటారు బండ్లకని కట్టిన క్రింది అంతస్తు గోదాముగా మారినదా? మేడలో నున్న పది కుటుంబములవారు ఒక ఆదివారము కూర్చుండి తేల్చుకొనదగిన ప్రశ్నలివి.

రెండవ విషయము కంటికి సంబంధించినది. పాత కట్టడములను కాపాడుటకు మన నగరమున ఒక నిబంధన యుండెడిది. దాని క్రింద 1998లో వారసత్వ కట్టడముల జాబితా వెలువడినది. 2015లో ఆ నిబంధన తొలగింపబడినది. 2017లో తెలంగాణ ప్రభుత్వము వారసత్వ రక్షణకు కొత్త చట్టమును చేసినది. శిథిలమగుచున్న మొజంజాహీ మార్కెట్టును బాగుచేసి 2020 ఆగస్టులో తిరిగి ప్రజలకు చూపిరి. రాతిమీది మసి పోయినది. గడియారపు గోపురము మరల కళకళలాడినది. ఇది సంతోషింపదగిన పని. కాని కట్టడమును కాపాడుట వేరు, కట్టడము కనబడు దారిని కాపాడుట వేరు. గుమ్మటము చెక్కుచెదరకయున్నను దాని ముందు పెద్ద ప్రకటన పలకయో, వెనుక పొడవాటి గాజుగోడయో నిలిచినచో అది కనుమరుగే.

ఈ విషయమున కెనడా నగరములనుండి మనము నేర్వదగినది కలదు. వాంకూవరు నగరము ఉత్తరమున నున్న మంచుకొండలు వీధులనుండి కనబడవలెనని 1989లో కొన్ని దృశ్యరేఖలను నిర్ణయించి, ఆ రేఖలకు అడ్డముగా మేడలు లేవరాదని శాసించినది. మాంట్రియలు నగరమున మౌంట్ రాయల్ కొండ శిఖరమును మించి ఏ భవనమును లేవరాదను కట్టుబాటు కలదు. ఇట్టి కట్టుబాటునకు వెలయును లేకపోలేదు. ఇండ్ల కొరత హెచ్చి, వాంకూవరు 2024లో తన రేఖలను కొంత సడలించుకొనవలసివచ్చినది. ఎంత విడిచిపెట్టవలెను, దేనిని విడిచిపెట్టరాదు అను విచారణ మాత్రము అక్కడ బహిరంగముగ జరిగినది.

మేము ఎత్తైన మేడలకు విరోధులము కాము. పెరుగు జనులకు ఇండ్లు కావలెను. మెట్రో స్టేషను చెంతనే పదిమంది నివసించిన, నగరము చెరువులను, పొలములను మ్రింగుచు విస్తరించుట కొంత తగ్గును. పైకి పోనిచో ప్రక్కలకు పోవలసియుండును. ప్రక్కల విస్తరణము ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయముల అంచులవరకు నేడు మన కన్నుల ఎదుటనే సాగుచున్నది. కనుక మేడ లేవవచ్చునా అను ప్రశ్నకంటె ఎక్కడ లేవవలెను, దేని ముందు తల వంచవలెను అను ప్రశ్న ముఖ్యము.

ఆబిడ్స్ కూడలి నుండియు, నాంపల్లి స్టేషను వాకిలి నుండియు, ఆదివారమునాడు పాత పుస్తకములు పరచు కాలిబాట నుండియు నేడును మనకు కనబడుచున్న గుమ్మటములెన్ని, శిఖరములెన్ని? వాటిని లెక్కించి, ఏ తావునుండి ఏది కనబడవలెనో ఒక పటమున గుర్తించుట పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఇక్కడి పాఠశాలల విద్యార్థులే ఒక సెలవు దినమున చేయగలరు. అట్టి పటము సిద్ధముగ నున్నచో, రేపు రోడ్లు వెడల్పై, చిన్న స్థలములు కలిసి పెద్దవై, గోపురములు ఈ పేటకును వచ్చిననాడు, నగరపాలకులతో మాటలాడుటకు పౌరుల చేతిలో ఒక ఆధారముండును. మేడ లేచిన తరువాత దానిని వంచుట ఎవరి తరమును కాదు. గీత కాగితముమీద నున్నప్పుడే మన మాట చెల్లును.