తీర్పునకు ముందు తీర్పు



ప్రెజుడిస్ అను ఆంగ్లపదమును మనవారు దురభిప్రాయమనియు, పక్షపాతమనియు తెనిగించుచున్నారు. ఈ మాటలు దాని ఫలమును చెప్పునుగాని మూలమును చెప్పజాలవు. మూలము తెలిసినగాని దానివలని కీడెట్టిదో బోధపడదు. కావున ఆ పదచరిత్రమును గూర్చి కొంచెము మనవి చేసికొందుము.

ఇది లాటిన్ భాషలోని ప్రేయూడికియుమ్ అను మాటనుండి ఫ్రెంచి మీదుగా ఆంగ్లమునకు వచ్చినది. ప్రే యనగా ముందు. యూడికియుమ్ అనగా తీర్పు. రోమకుల ధర్మశాస్త్రమున అది నిందావాచకము కాదు. ఈ మనుష్యుడు స్వతంత్రుడా, బానిసయా యనునట్టి ప్రశ్న అసలు వ్యాజ్యమునకు ముందే తేలవలసియుండును. దానిని విచారించి నిర్ణయించుటకే ఆ పేరు. అది ముందు తీర్పే యైనను విచారణతో కూడిన తీర్పు. కాలక్రమమున విచారణ జారిపోయి 'ముందు' మాత్రము నిలిచినది. అట్టి తీర్పువలన ఒకని హక్కునకు నష్టము కలుగవచ్చును గనుక నష్టమను అర్థమును దానికి వచ్చినది. రాజీలేఖలపై న్యాయవాదులు 'వితౌట్ ప్రెజుడిస్' అని వ్రాయుట ఆ అర్థముననే.

మనకు పూర్వాగ్రహమను మాట కలదు. తెలుగున ఆగ్రహమన్న కోపమని వాడుక. సంస్కృతమున గట్టిపట్టు అనియు అర్థము. సత్యాగ్రహములోని ఆగ్రహ మిదియే. సత్యమును తెలిసికొని పట్టుట సత్యాగ్రహము; తెలిసికొనకమున్నే పట్టుట పూర్వాగ్రహము.

ఇది యొక్కొక్కప్పుడు మనస్సున నిలువక శాసనమై కూర్చుండును. 1871లో బ్రిటిషు ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టమును చేసెను. 1911 నాటి చట్టముతో అది మద్రాసు రాజధానికిని వచ్చెను. ప్రభుత్వ మొక జాతిని నేరస్థజాతి యని ప్రకటించిన చాలును. అందు జన్మించినవాడు ఏ నేరమును చేయకున్నను పోలీసు పట్టికలో చేర్పబడి వేలిముద్రలు వేయవలసినదే. ఆ ప్రకటన చెల్లునా యని విచారించు అధికారము న్యాయస్థానములకు లేకుండ చట్టమే అడ్డుకట్ట వేసెను. రోమకుల ముందు తీర్పునకు న్యాయాధిపతి యుండెను. దీనికి ఆ దిక్కును లేకపోయెను. బాపట్లకు చేరువనున్న స్టూవర్టుపురము ఈ చట్టమువలన వెలసిన గ్రామమే. అచ్చట ఎరుకల కుటుంబములను స్థిరపరచి సాల్వేషన్ ఆర్మీవారి పర్యవేక్షణమున నుంచిరి.

ఆ చట్టము మద్రాసులో 1947లోను, దేశమంతట 1952లోను రద్దైనది. కాని ముద్ర చెరగలేదు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు కారాగార నియమములలోని కులభేదమును కొట్టివేయుచు, విముక్త జాతులవారిని నేరప్రవృత్తి గలవారిగా నెంచు నియమములనుగూడ తప్పుపట్టవలసి వచ్చెను. చట్టము పోయిన డెబ్బదిరెండేండ్లకు!

చట్టమును రద్దుచేయుటకు శాసనసభ కలదు. మన నాలుకపై నున్న తీర్పును మనమే రద్దుచేసికొనవలెను. ఊరిలో దొంగతనము జరిగినపుడు సాక్షిని పిలువకమున్నే 'ఫలానావారి పనియే' యనువారు మనలోనే యున్నారు. వారి పిల్లవాడు బడికి వచ్చిన, పనికి వచ్చిన, అనుమానము వానికంటె ముందు వచ్చి కూర్చుండును. అట్టి మాట చెవిని పడినపుడు 'చూచినదెవరు? విచారించినదెవరు?' అని అడుగుడు. న్యాయస్థానమున ముద్దాయికి మనము చూపు ఈపాటి మర్యాదను వీధిలో పొరుగువానికిని చూపవలెనని మా మనవి.