శివమణి, జాకిర్, చుక్క సత్తయ్య... మధ్యల మా పెద్దనాయిన డోలు

నేను ఇప్పుడు గుట్టలోనే ఉన్నా, మా ఇంటి మిద్దె మీద. వెనకాల సన్నగా డోలు సన్నాయి వినిపిస్తే అది ఎడిటింగ్‌లో పెట్టింది కాదు, గుడి నుంచి వస్తున్నది. తీసేయమని అడగకండి, తీయను.

ఒక తమ్ముడు మెసేజ్ పెట్టిండు. "అన్నా, టాప్ డ్రమ్మర్ల మీద ఒక ఎపిసోడ్ చెయ్" అని. సరే, చేద్దాం. కానీ నంబర్ వన్, నంబర్ టూ అని ర్యాంకులు మాత్రం ఇవ్వను. ఎంసెట్‌లో ర్యాంకు చూసుకున్న రోజే ఆ ఆట మీద నాకు విరక్తి వచ్చింది.

మనందరికీ తెలిసిన మనిషితో మొదలుపెడదాం. శివమణి. 1959లో చెన్నైలో పుట్టిండు. వాళ్ల నాన్న ఆనందన్ గారు కూడా డ్రమ్మరే. 2019లో పద్మశ్రీ వచ్చింది. ఐపీఎల్ మొదలైన కొత్తల్లో చెన్నై మ్యాచుల్లో స్టాండ్స్‌లో నిలబడి వాయించేది ఈయనే. ఆయన స్టైల్ ఏందంటే, చేతికి దొరికింది ఏదైనా డ్రమ్మే. సూట్‌కేసు, బకెట్టు, పళ్లెం, నీళ్ల డబ్బా. చాలామంది దాన్ని సర్కస్ అంటారు. నేను అట్ల అనుకోను. బాగా గమనించండి, ఆయన సూట్‌కేసు మీద కొట్టేటప్పుడు కూడా ఎక్కడ మోత వస్తది, ఎక్కడ పొడి శబ్దం వస్తది అని ముందు వెతుకుతడు. దొరికినంకనే లయ మొదలుపెడతడు.

తర్వాత జాకిర్ హుస్సేన్. తాజ్ మహల్ టీ యాడ్ గుర్తుందా? మా జనరేషన్‌కు ఆయన ముందు టీ యాడ్, తర్వాతే తబలా. 1951లో ముంబైలో పుట్టిండు, తండ్రి అల్లారఖా. 1973లో జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి శక్తి బ్యాండ్ పెట్టినప్పుడు ఆయన వయసు 22. అందులో ఘటం వాయించింది విక్కు వినాయకరాం గారు. అంటే ఒకపక్క హిందుస్తానీ తబలా, ఇంకోపక్క మన వంట కుండకు చుట్టం లాంటి ఘటం, మధ్యలో గిటార్. 2024 ఫిబ్రవరిలో ఒకే రాత్రి మూడు గ్రామీలు తీసుకున్నడు. అదే సంవత్సరం డిసెంబర్‌లో పోయిండు. ఆయన ఎడమ చెయ్యి, అంటే డగ్గా మీది చెయ్యి, మాట్లాడినట్టు ఉంటది. మణికట్టుతో తోలును నొక్కుతూ జరుపుతుంటే శబ్దం కిందికీ పైకీ జారుతది. ఈ ఎడమ చెయ్యి సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా.

మన తెలుగోళ్లలో ఒక పేరు చెప్పి ముందుకు పోతా. నిడుమోలు సుమతి గారు. మృదంగం. తండ్రి దగ్గర మొదలుపెట్టి, తర్వాత విజయవాడలో దండమూడి రామమోహనరావు గారి దగ్గర నేర్చుకున్నరు, ఆయన్నే పెళ్లి చేసుకున్నరు. 2021లో పద్మశ్రీ. ఆడపిల్ల మృదంగం ముందు కూర్చుంటే వింతగా చూసే రోజుల్లో ఆమె కచేరీలు చేసిండ్రు. ఆమె మీద వేరే ఎపిసోడ్ చేయాలె, ఐదు నిమిషాల్లో అయ్యేది కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నా.

గుట్ట నుంచి ఆలేరు మీదుగా జనగామ వైపు పోతే, అక్కడ లింగాల ఘన్‌పూర్ మండలంలో మాణిక్యాపురం అని ఒక ఊరుంది. 1935లో చుక్క సత్తయ్య గారు అక్కడే పుట్టిండు. ఒగ్గు కథ. 2014 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది. జీవితంలో పన్నెండు వేలకు పైగా ప్రదర్శనలు ఇచ్చిండని చెప్తరు. 2017 నవంబర్‌లో పోయిండు. ఒగ్గు అంటే శివుడి చేతిలోని డమరుకం. దాని పేరు మీదనే కథకు ఆ పేరు. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ చెప్తరు. సత్తయ్య గారు కథకుడు, డ్రమ్మర్ కాదు కదా అని మీకు డౌట్ రావచ్చు. కానీ ఒగ్గు కథలో డోలు పక్కవాయిద్యం కాదు. కథకుడు ఒక మాట అని ఆగుతడు. డోలు దానికి "ఊఁ" కొడుతది. యుద్ధం వస్తే డోలే గుర్రం, ఏడుపు వస్తే డోలే గొంతు దగ్గర పట్టుకుంటది. డోలు కొట్టేటాయన కథకుడి కాలి గజ్జెల మీద కన్నేసి ఉంచుతడు. తర్వాతి దరువు ఏందో ఆ అడుగే చెప్తది.

ఒగ్గు డోలు విడిగా చూడాలంటే సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లికి పోండి, ఏదైనా ఆదివారం. లేదంటే సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో రెండేళ్లకొకసారి జరిగే పెద్దగట్టు జాతరకు. డోలు నడుముకు కట్టుకొని, ఒకపక్క కర్రతో, ఇంకోపక్క వట్టి చేత్తో కొడుతూ, ఎగురుతూ, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి కూడా దరువు తప్పకుండా కొడతరు. డ్రమ్ కిట్ వాయించే ఫ్రెండ్స్‌ను అడుగుతున్నా, మీరు స్టూల్ లేకుండా ఒక్క పాట వాయించి చూపించండి.

మా పెద్దనాయిన ఆ డోలు కొట్టేటోడు. నేను బీటెక్ సెకండియర్‌లో ఉన్నప్పుడు హాస్టల్‌లో ఎవరో "మీ పెద్దనాయిన ఏం చేస్తడు" అని అడిగితే "వ్యవసాయం" అన్నా. అబద్ధం కాదు, రెండెకరాలుంది. కానీ నేను ఎందుకు అట్ల అన్ననో నాకు తెలుసు. తర్వాత మా అక్క పెండ్లి. డీజే మాట్లాడింది నేనే, అడ్వాన్స్ ఇచ్చింది నేనే. పెద్దనాయిన డోలు తెచ్చుకున్నడు, తువ్వాల చుట్టి. బరాత్ అంతా అది ఆయన పక్కన కుర్చీ మీదనే ఉంది. తువ్వాల తీయలేదు. తెల్లారి దాన్ని భుజాన వేసుకొని బస్సెక్కిండు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

పోయిన ఏడాది ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమ పక్క. ఇప్పుడు నడుస్తున్నడు, చాయ్ తాగుతున్నడు, కానీ ఎడమ చెయ్యి పూర్తిగా లేవదు. డోలులో కర్ర పక్క ఎవరైనా కొడతరు. దరువు నడక అంతా వట్టి చేతి పక్కన ఉంటది. జాకిర్ ఎడమ చెయ్యి అని చెప్పిన కదా, అదే.

నా దగ్గర ఉన్నది కొమురవెల్లిలో పాత ఫోన్‌తో తీసిన నాలుగు నిమిషాల వీడియో ఒక్కటి. ఇంజనీర్‌ను కదా, ఏం చేసినా? ఆడియో తీసి సాఫ్ట్‌వేర్‌లో వేసిన. క్లిక్ పెట్టిన. దెబ్బలు క్లిక్ మీద పడలేదు. వట్టి చేతి దెబ్బ ప్రతిసారీ కొంచెం వెనకాల పడుతున్నది. తప్పు అనుకొని క్వాంటైజ్ బటన్ నొక్కిన. అంటే ప్రతి దెబ్బనూ జరిపి సరిగ్గా గీత మీద కూర్చోబెడుతది. శుభ్రంగా వచ్చింది. సంబరంగా తీసుకపోయి పెద్దనాయినకు హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించిన.

ఆయన కొద్దిసేపు విని, "ఎవడు కొట్టిండు రా గిది?" అన్నడు.

"నువ్వే, పెద్దనాయినా."

"నేను కాదు. గిట్ల కొడితే పిల్లగాండ్లు ఎట్ల ఎగురుతరు? కాలు కింద ఆననియ్యాలె గద."

అప్పుడు వీడియో మళ్లీ స్లోగా చూసిన. వట్టి చెయ్యి ఆలస్యం కాదు. ఎగిరినోడి పాదం నేలకు తాకేదాకా ఆయన చెయ్యి ఆగుతున్నది. తాకినంకనే పడుతున్నది. నేను సరిచేసింది ఆ ఆగడాన్నే. ఆ ఫైల్ డిలీట్ చేసిన. ఒరిజినల్ మూడు చోట్ల దాచిన.

ఇంకో మాట. దీన్ని వదిలేసినోళ్లను చూసి "అయ్యో, కళ పోతున్నది" అని ఊరికే అనొద్దు. డప్పు సంగతే తీసుకోండి. సిర్ర, సిటికెన పుల్ల పట్టుకొని, మంట దగ్గర కాచి, అంత గొప్పగా వాయించేటోళ్లను ఊళ్లల్లో చావుకు పిలిచి, దూరంగా నిలబెట్టిండ్రు. రాను అంటే ఊకోలేదు. అందుకే చాలామంది ఆత్మగౌరవం కోసం డప్పు కింద పెట్టిండ్రు. తర్వాత ఉద్యమంలో అదే డప్పు స్టేజీ ఎక్కింది. ఎవరు కొట్టాలి, ఎప్పుడు కొట్టాలి అన్నది కొట్టేటోళ్ల ఇష్టం. మా పెద్దనాయిన సొంత కొడుకే డోలు ముట్టలేదు. కూలి గిట్టుబాటు కాదు, జాతర సీజన్ అయిపోతే పని లేదు. వాన్ని నేనేం అనగలను? నేను మాత్రం ముట్టిన్నా?

పెద్దనాయిన శిష్యుడు ఒకాయన ఆలేరులో ఆటో నడుపుతడు. కర్ర బాగా కొడతడు, వట్టి చెయ్యి సగమే వచ్చు. ఆయన్ను పోయి అడిగిన. ఆదివారం పొద్దున కిరాయిలు తక్కువ, వస్తా అన్నడు, ఆ రోజు కిరాయి డబ్బులు నేనిస్తా అని ఒప్పందం. ప్లాన్ ఏందంటే, పెద్దనాయిన దరువులు నోటితో చెప్తడు. ఆయన కొడతడు. తప్పైతే పెద్దనాయిన కుడి చేత్తో తొడ మీద కొట్టి చూపిస్తడు. రెండు కెమెరాలు, ఒకటి చేతుల మీద, ఒకటి ఎగిరే పిల్లల కాళ్ల మీద. క్లిక్ ఉండదు.

పోయిన ఆదివారం ఒక దరువు అయ్యింది. ఒక్కటే. రెండున్నర గంటలు పట్టింది, పద్దెనిమిదిసార్లు "కాదు" అన్నడు, నేను లెక్కపెట్టిన. పంతొమ్మిదోసారి ఏమీ అనలేదు, బీడీ ముట్టించిండు. ఆటో అన్న నా దిక్కు చూసి కన్ను కొట్టిండు.

ఆ వీడియో ఎడిటింగ్ కాలేదు, శుక్రవారం పెడతా. ఇంకా ఎన్ని దరువులున్నయి అని పెద్దనాయినను అడిగితే "ముందు డోలు తోలు మార్పియ్యి, వదులైంది" అన్నడు. రేపు దాని పని మీదనే జనగామ పోతున్నా. ఉంటా మరి.