నవ్వు కూడా తాళంలోనే పడాలి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరును కాబట్టి రోడ్ల గురించో వంతెనల గురించో మాట్లాడతానని అనుకుని ఉంటారు. ఈ బడికి నేనొక బాకీ ఉన్నాను. అందుకే పాట గురించి, నవ్వు గురించి మాట్లాడతానని నిర్వాహకులను నేనే అడిగాను.

ఎనిమిదో తరగతిలో నా బెంచీలో కూర్చున్న ఒక మిత్రుడి నాయిన ఒగ్గుకథ బృందంలో వంతగాడు. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా ఏ ఊళ్లో మల్లన్న పట్నం వేసినా, ఎల్లమ్మ పండుగ చేసినా ఆ బృందం రాత్రంతా కథ చెప్పేది. కథకుడు ఏడిపించేవాడు, ఈయన నవ్వించేవాడు. మేమూ కడుపుబ్బ నవ్వి, తెల్లారి బడిలో ఆయన నడకను, మాటను అనుకరిస్తూ కొడుకును ఏడిపించేవాళ్లం. ‘నవ్వులాటోని కొడుకు’ అని పేరు పెట్టింది నేనే. ఆ ఏడాది పూర్తి కాకముందే వాడు బడి మానేశాడు. ఎందుకు మానేశావని నేను అడగలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఒక సహోద్యోగి నాకు ఫ్యాట్స్ వాలర్ అనే అమెరికన్ జాజ్ కళాకారుడి రికార్డులు వినిపించాడు. 1904లో న్యూయార్క్‌లో పుట్టిన ఆయన పియానో వాయిస్తూ, పాడుతూ, పాట మధ్యలో చమత్కారాలు విసిరేవాడు. నేను నవ్వుతుంటే ఆ మిత్రుడు, “మాటలు వదిలేసి ఎడమచేతిని విను” అన్నాడు. విన్నాను. కింది స్వరం, దాని మీద స్వరాల గుత్తి, మళ్లీ కింది స్వరం. ఎన్ని జోకులు వేసినా ఆ చేయి లయ తప్పలేదు. 1929లో ‘ఎయింట్ మిస్‌బిహేవిన్’ పాటకు బాణీ కట్టిందీ, 1939లో ‘లండన్ సూట్’ అనే గంభీరమైన పియానో రచన చేసిందీ ఆయనే. అయినా చాలామందికి ఆయన సరదా మనిషిగానే గుర్తుండిపోయాడు. 1943 డిసెంబరులో, 39 ఏళ్లకే, రైలు ప్రయాణంలో చనిపోయాడు.

ఆ రాత్రి నాకు మా ఒగ్గుకథ గుర్తొచ్చింది. అక్కడ పియానో లేదు. డోలు, తాళాలు, ఒగ్గు ఉన్నాయి. కథకుడు “రాజు ఏడ్చిండు” అని రాగం తీస్తాడు. వంతగాడు “ఎందుకు? రాణి అన్నం పెట్టలేదా?” అంటాడు. డోలు మీద ఒక్క దెబ్బ. జనం నవ్వుతారు. ఆ నవ్వు తగ్గేలోపే కథకుడు వదిలిన చోటే రాగం అందుకుంటాడు. ఆ దెబ్బ కాస్త ఆలస్యమైతే నవ్వు పోతుంది, కాస్త ముందు పడితే మాట వినిపించదు. ఏ మాట వేయాలో కాగితం మీద ఉండదు, ఎదురుగా ఉన్న జనాన్ని చూసి అప్పటికప్పుడు పుట్టించాలి. జాజ్ వాళ్లు గొప్పగా చెప్పుకునే విద్య కూడా ఇదే.

మన జనగామ ప్రాంతంలోని మాణిక్యాపురంలో 1935లో పుట్టిన చుక్క సత్తయ్య గారు ఈ విద్యతోనే వేల ప్రదర్శనలు ఇచ్చారు. 2014 సంవత్సరానికి ఆయనకు సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది. 2017 నవంబరులో ఆయన కన్నుమూశారు. ఊరి గుడి ముందు చెప్పే కథకు దేశం దండ వేసింది. అదే కథ చెప్పే ఇంటి పిల్లవాణ్ణి నేను బెంచీ మీద కూర్చోనివ్వలేదు.

పోయిన నెల చేవెళ్ల దారిలో, మర్రిచెట్ల కింద కారు ఆపి, వాడి ఊరు అడుక్కుంటూ వెళ్లాను. నన్ను గుర్తుపట్టాడు. క్షమించమన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “గప్పుడు మస్తు బాధైంది రా” అన్నాడు. అంతలోనే నవ్వి, “మా నాయిన ఉంటే నీ నడక గూడ కథల పెట్టేటోడు” అన్నాడు. బడి ఎందుకు మానేశావని ఇప్పుడైనా అడిగాను. “ఇంట్ల ఎల్లక పోయింది. నీ మాటలు గూడ కొంత” అన్నాడు. ఆ ‘కొంత’ నా వాటా. దాన్ని నేను ఇంకెవరి మీదా వేయలేను.

మన సంఘానికి ఒక్క మనవి. ఏటా వార్షికోత్సవంలో ఒక గంట ఒగ్గుకథకు ఇవ్వండి. కళాకారులకు మిగతా అతిథులతో సమానంగా కుర్చీ, శాలువా, పారితోషికం ఇవ్వండి. మొదటి ఐదేళ్ల ఖర్చు నాది. ఉపాధ్యాయులకు ఇంకో మనవి. ఏ పిల్లవాడైనా తండ్రి పని చెప్పడానికి తల దించుకుంటే, ఆ పనిలో ఉన్న విద్య ఏమిటో తరగతికి చెప్పండి.

మావాడు ఈరోజు వచ్చాడు. మూడో వరుసలో ఉన్నాడు, డోలు కూడా తెచ్చుకున్నాడు. ఇక నేను కూర్చుంటాను. రా తమ్మీ, వేదిక నీది.